యుద్ధ వాహనాల ఇంజినీరింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే యుద్ధ వాహనాల గురించి ఇంతకుముందు ఈ శీర్షికలో రాసిన తర్వాత, ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. సైనిక వాహనాల్లోని ఉప వ్యవస్థలను రూపొందించి, పరీక్షించి తేల్చే ఇంజినీర్ల పని ఎలా ఉంటుంది, అక్కడికి చేరే దారి ఏది అన్నదే వాటిలో ఎక్కువమంది అడిగిన విషయం. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఈసారి ఐదింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ట్యాంకుల రూపకల్పనలో పనిచేయాలన్నది చిన్ననాటి కోరిక. ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఇలాంటి ఉద్యోగంలో నిజంగా రోజూ చేసే పని ఏమిటి?
– ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: ట్యాంకు మొత్తాన్ని ఒక్కరే రూపొందించే ఉద్యోగం ఎక్కడా లేదు. ఇంజిన్, గేరుబాక్స్, రేడియేటర్లు కలిసిన పవర్‌ప్యాక్ ఒక బృందం చూస్తుంది. ట్రాకులు, రోడ్డు చక్రాలు, సస్పెన్షన్ మరొక బృందం చూస్తుంది. కవచం, టరెట్ (ఫిరంగి అమర్చిన, చుట్టూ తిరిగే పైభాగం), గురి చూసే పరికరాలు, విద్యుత్తు, రేడియోలు, మంటలార్పే ఏర్పాటు, విషవాయువులను వడకట్టే యంత్రం, చివరికి సైనికుడు కూర్చునే సీటు, ఇవన్నీ వేర్వేరు ఉప వ్యవస్థలే. మీరు చేరితే వీటిలో ఒకదానిలో, బహుశా అందులోనూ ఒక చిన్న భాగంతో మొదలుపెడతారు. అయితే ఆ చిన్న భాగం మిగిలినవాటన్నిటితోనూ ముడిపడి ఉంటుంది కాబట్టి, ఒకచోట చేసిన మార్పు ఎక్కడెక్కడ తగులుతుందో లెక్క కట్టడమే ఈ ఉద్యోగంలో పెద్ద పని.

బరువునే తీసుకోండి. చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న డీఆర్‌డీవో (కేంద్ర ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ) యుద్ధ వాహనాల పరిశోధనా సంస్థ రూపొందించిన అర్జున్ ట్యాంకు తొలి రూపం బరువు 58.5 టన్నులు, ఇంజిన్ శక్తి 1,400 హార్స్‌పవర్. అంటే టన్నుకు దాదాపు 24 హార్స్‌పవర్. రక్షణ, ఇతర సామర్థ్యాలు పెంచిన మార్క్-1ఎ బరువు సుమారు 68 టన్నులకు చేరింది, ఇంజిన్ శక్తి మాత్రం మారలేదు; టన్నుకు దక్కే శక్తి 20.6 హార్స్‌పవర్‌కు తగ్గింది. పెరిగిన ప్రతి టన్నుకూ సస్పెన్షన్ వాళ్లు స్ప్రింగుల లెక్క మళ్లీ చేయాలి, బ్రేకుల వాళ్లు వేడి లెక్క మళ్లీ చేయాలి, ట్రాకు పిన్నుల అరుగుదల పెరుగుతుంది, దాటగలిగే వంతెనల సంఖ్య తగ్గుతుంది. కవచం మందం పెంచాలన్న నిర్ణయం ఒక గదిలో జరిగితే, దాని పర్యవసానం పది గదుల్లో కనిపిస్తుంది.

నేల మీద పడే ఒత్తిడి కూడా ఇలాంటిదే. నాగార్జునసాగర్ ఆయకట్టులో తడి ఆరని మడిలోకి టైర్ల హార్వెస్టర్ దిగబడుతుందని చైన్ హార్వెస్టర్‌ను పిలిపించుకోవడం మీరు చూసే ఉంటారు. ట్యాంకుకు ట్రాకులు పెట్టడం వెనుక ఉన్నదీ అదే లెక్క. మామూలు కారు టైరు నేల మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోల ఒత్తిడి మోపితే, 58.5 టన్నుల అర్జున్ మోపేది 0.84 కిలో మాత్రమే.

ఇక వేడి సంగతి. మన జిల్లాల్లో మే నెల ఎండ తెలిసినవారికి దీన్ని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు గానీ, అంకెలు చూస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. 1,400 హార్స్‌పవర్ అంటే వెయ్యి కిలోవాట్లకు పైమాట. డీజిల్‌లోని శక్తిలో సగానికి పైగా వేడిగానే పోతుంది కాబట్టి, ఇంజిన్ ఇచ్చే శక్తి కంటే ఎక్కువ వేడిని పొగగొట్టం ద్వారానూ రేడియేటర్ల ద్వారానూ బయటికి పంపాలి. లారీలో రేడియేటర్ ముందుభాగంలో ఎదురుగాలికి తెరిచి ఉంటుంది. ట్యాంకులో అది తూటాలకు అందకుండా కవచపు జాలీ వెనుక దాగి ఉండాలి. అందుకని ఫ్యాన్లు పెద్దవి కావాలి, ఆ ఫ్యాన్లు తిరగడానికి ఇంజిన్ శక్తిలోంచే వాటా పోతుంది. అదే వాహనాన్ని లద్దాఖ్‌కు తీసుకెళ్తే, 5,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 60 శాతమే. అక్కడ ఇంజిన్‌కూ గాలి చాలదు, రేడియేటర్‌కూ గాలి చాలదు. ఎడారిలో నెగ్గిన శీతలీకరణ వ్యవస్థను కొండమీద మళ్లీ కొత్తగా పరీక్షించేది ఇందుకే.

మీ ఇంట్లోవాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. పరీక్షలో వచ్చే సమాచారాన్ని విశ్లేషించడానికి పైథాన్, మ్యాట్‌ల్యాబ్ వంటివి తప్పక రావాలి. అయితే వాటి కోసం పదార్థాల బలం, యంత్ర కంపనాలు, ఉష్ణప్రసరణ పాఠాలను పక్కన పెట్టవద్దు. ఇంటర్వ్యూలో అడిగేది వాటినే. దారుల విషయానికి వస్తే, గేట్ స్కోరు మీద డీఆర్‌డీవో సైంటిస్ట్-బి నియామకాలు ఉన్నాయి. 2021లో సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ, డీఆర్‌డీవో కలిసి రక్షణ సాంకేతికతలో ఎం.టెక్. కోర్సు ప్రారంభించాయి, అందులో యుద్ధ సాంకేతికత ఒక విభాగం. కళాశాలలో ఉండగానే, విద్యార్థులు గుంటల దారిలో నడిచే చిన్న బండ్లు తయారుచేసి నడిపే బాహా ఎస్‌ఏఈ పోటీకి బండి తయారుచేసే జట్టులో చేరగలిగితే, మరే ప్రాజెక్టు కంటే అది ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. తాము గీసిన సస్పెన్షన్ గుంటల దారిలో విరిగిపోవడం చూసిన విద్యార్థికి బలం లెక్కలు ఎందుకు చేయాలో ఎవరూ చెప్పనవసరం ఉండదు.

ప్రశ్న: రక్షణ వాహనాలకు విడిభాగాలు సరఫరా చేసే ఒక కంపెనీలో డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. పరీక్షలు, మూల్యాంకనం చూసే విభాగానికి మారమని మా మేనేజర్ అడుగుతున్నారు. డిజైన్ అంటే గౌరవం, టెస్టింగ్ అంటే వెనకడుగు అని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఇంజినీరు, జడ్చర్ల

జవాబు: మీ తోటివాళ్ల మాటను నేను ఒప్పుకోను. సైనిక వాహనాల రంగంలో బొమ్మ ఎంత బాగుందన్నది ఎవరూ చూడరు, రుజువు చూస్తారు. సైన్యం ఇచ్చే అవసరాల పత్రంలోని ప్రతి వాక్యాన్నీ లెక్క ద్వారానో, తనిఖీ ద్వారానో, పరీక్ష ద్వారానో నెగ్గినట్టు చూపాలి. ఎలా చూపాలో నిర్ణయించేది మూల్యాంకన ఇంజినీరు. “సీటు సౌకర్యంగా ఉండాలి” అని రాసి ఉంటే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఫలానా దారిలో ఫలానా వేగంతో వెళ్లినప్పుడు సీటు దగ్గర కొలిచిన త్వరణం ఇంతకు మించరాదని రాస్తేనే అది పనికొచ్చే వాక్యం అవుతుంది. ఆ వాక్యాన్ని మొదటిరోజే సరిచేయించగల ఇంజినీరు, నెలల తర్వాత వచ్చే తగువును ముందే తప్పించినట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రాకులోని ఒక్కో లింకు పొడవు 15 సెంటీమీటర్లు అనుకోండి. వాహనం గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 10 మీటర్లు. అంటే సెకనుకు దాదాపు 67 లింకులు రోడ్డు చక్రాల కింద పడతాయి, ప్రతి లింకూ ఒక దెబ్బ. వాహనం దేహమంతా 67 హెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. వేగం సగానికి తగ్గితే కంపనం 33కు దిగుతుంది. నిశ్చల స్థితి నుంచి పూర్తి వేగానికి చేరేలోపు ఆ కంపనం ఒక పెద్ద పరిధి మొత్తాన్ని తుడుచుకుంటూ పోతుంది కాబట్టి, మీరు డిజైన్ చేసిన బ్రాకెట్ సహజ పౌనఃపున్యం (అది తనంతట తాను ఊగే వేగం) ఎక్కడో ఒకచోట దానికి చిక్కుతుంది, అక్కడ ఊపు విపరీతంగా పెరుగుతుంది. డ్రైవరు ఎక్కువసేపు నడిపే వేగం దగ్గరే చిక్కితే, బ్రాకెట్ వెల్డింగు మూలన పగులు మొదలవుతుంది. కంప్యూటరులో చేసిన బలం లెక్కలో ఇది బయటపడకపోవచ్చు, ఎందుకంటే బోల్టుల బిగింపు, రబ్బరు మెత్తదనం అక్కడ అంచనాలే. వాహనం మీద త్వరణమాపకాలు అమర్చి, నిజమైన దారిలో నడిపి, వచ్చిన సంకేతాన్ని ప్రయోగశాలలోని కంపన బల్ల మీద మళ్లీ పుట్టించి చూసినవాడికే తెలుస్తుంది. అలా చూసినవాడు మళ్లీ డిజైన్‌కు వెళ్తే, అతడు గీసే బ్రాకెట్ వేరుగా ఉంటుంది.

ఎన్ని నమూనాలను పరీక్షించాలన్నది ఇంకో చర్చ, ఇక్కడ యాజమాన్యాలతో తరచూ పేచీ వస్తుంది. ఒక భాగం 90 శాతం విశ్వసనీయమైనదని 90 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఒక్కటీ విఫలం కాకుండా 22 నమూనాలు పరీక్ష నెగ్గాలి. విశ్వసనీయత 95 శాతం కావాలంటే ఆ సంఖ్య 45 అవుతుంది. మూడు ముక్కలు పరీక్షించి మూడూ నెగ్గాయని సంతోషించడానికి ఈ లెక్క ఒప్పుకోదు. ఖరీదైన పెద్ద వ్యవస్థల్లో 22 నమూనాలు దొరకవు, నిజమే. అప్పుడు పరీక్ష కాలం పెంచడం, భారం పెంచి చూడటం, విశ్లేషణతో కలిపి చెప్పడం వంటి మార్గాలున్నాయి. వీటిలో ఏది ఎప్పుడు సరిపోతుందో తేల్చగలగడం గొప్ప నైపుణ్యం, అది ఉన్నవారు మన దగ్గర అవసరమైనంతమంది లేరు.

పరీక్షల వరుస కూడా ఆలోచించవలసినదే. సైనిక ఎలక్ట్రానిక్, విద్యుత్ పరికరాలకు మన దేశంలో జాయింట్ సర్వీసెస్ స్పెసిఫికేషన్ 55555 ప్రామాణికం. ఎండ, చలి, తేమ, ధూళి, వాన, ఉప్పుగాలి, కంపనం, బూజు వరకు అన్నిటికీ అందులో పరీక్షా విధానాలున్నాయి. పెట్టెను ముందు వానలో పెట్టి తర్వాత కంపన బల్ల ఎక్కిస్తే అది రెండూ నెగ్గవచ్చు. కంపనం తర్వాత వానలో పెట్టి చూడండి: వదులైన సీలు గుండా నీరు లోపలికి దిగడం అప్పుడు కనిపిస్తుంది. రణభూమిలో జరిగేది ఆ రెండో క్రమమే కాబట్టి, సులువైన వరుస ఎంచుకుని నెగ్గించుకోవడం వల్ల నష్టపోయేది చివరికి సైనికుడే.

ఆ తర్వాత మైదాన పరీక్షలు వస్తాయి. రాజస్థాన్‌లోని పోఖ్రాన్, మహాజన్ ఫైరింగ్ రేంజ్‌లలో ఎండాకాలం, ఎత్తైన ప్రాంతాల్లో చలికాలం, సైన్యం స్వయంగా వాహనాన్ని నడిపి చూస్తుంది. సైన్యంలో వాహనాల, పరికరాల మరమ్మతు చూసే ఈఎంఈ దళం మరమ్మతు సౌలభ్యాన్ని వేరుగా పరీక్షిస్తుంది: వాహనంతో ఇచ్చిన పనిముట్లతోనే, చలికి చేతి తొడుగులు వేసుకుని, ఆ భాగాన్ని విప్పి మార్చగలరా లేదా అని. చెయ్యి దూరని చోట బోల్టు పెట్టిన డిజైనరు ఆ రోజు అక్కడ ఉండాలని నేను కోరుకుంటాను.

విఫలమైన భాగాన్ని వెంటనే మార్చేసి పరీక్ష కొనసాగించాలన్న తొందర ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. దానికి లొంగవద్దు. విరిగిన ముక్కను అలాగే దాచండి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత ఉష్ణోగ్రతలో, ఏ గేరులో విరిగిందో అప్పటికప్పుడే రాయండి. విఫలమైన పరీక్షను విఫలమైందనే సంతకం పెట్టి చెప్పగల ఇంజినీరు ఉన్న సంస్థకే సైన్యం దగ్గర మాట చెల్లుతుంది.

కాబట్టి మారమనే నా సలహా. అయితే ఒక్క విషయం ముందుగా అడిగి తెలుసుకోండి. పరీక్షా ప్రణాళిక రాసేది, ఫలితాలను విశ్లేషించేది మీరేనా, లేక ఎవరో రాసిచ్చిన ప్రకారం యంత్రం స్విచ్చులు వేయడం మాత్రమేనా? రెండోది అయితే మీరున్న చోటే ఉండటం మేలు.

ప్రశ్న: నేను ఈఈఈ చదువుతున్నాను. యుద్ధ వాహనాలంటే అందరూ మెకానికల్ వాళ్ల పని అంటారు. మాకు అందులో చోటు ఉందా?
– ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: చోటు ఉంది, రోజురోజుకూ పెరుగుతోంది. పాత ట్యాంకుల్లో టరెట్‌ను నూనె ఒత్తిడితో తిప్పేవారు. 1973 పశ్చిమాసియా యుద్ధంలో ఇజ్రాయెల్ వాడిన అమెరికన్ ట్యాంకుల్లో, దెబ్బ తగిలినప్పుడు ఆ నూనె అంటుకుని సిబ్బంది తీవ్రంగా కాలిపోయారు. విద్యుత్ మోటార్లతో తిరిగే టరెట్ల వైపు ప్రపంచం మళ్లడానికి ఆ అనుభవం ఒక ముఖ్య కారణం. మోటారు వచ్చింది అంటే దాని నియంత్రణ, సెన్సర్లు, తీగలు, రక్షణ అన్నీ మీ శాఖవే.

ఈ వాహనాల్లో విద్యుత్తు సాధారణంగా 28 వోల్టుల డీసీ. వినడానికి సాధుజంతువులా ఉన్నా అది చాలా మొరటు విద్యుత్తు. స్టార్టరు మోటారు తిరగబోయే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. నిండుగా చార్జింగు ఇస్తున్న ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ తెగిపోతే పైకి ఎగుస్తుంది. అమెరికన్ సైనిక ప్రమాణం 1275 ప్రకారం పరికరం 100 వోల్టుల ఉప్పెనను కూడా తట్టుకోవాలి. మీరు తయారుచేసిన నియంత్రణ పెట్టె ఆ రెండు క్షణాల్లోనూ తన పని మరచిపోకూడదు. మరో పెద్ద పని విద్యుదయస్కాంత జోక్యం: ఇరుకైన ఇనుప పెట్టెలో శక్తిమంతమైన రేడియో, మోటారు డ్రైవు, గురి చూసే కంప్యూటరు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని రొద మరొకదాని చెవిలో పడకూడదు. ఇది కళాశాలల్లో పైపైన చెప్పే విషయం, మంచి నిపుణులు తక్కువ. మీరు దీన్ని పట్టుదలగా చదివితే ఉద్యోగం కోసం వెతుక్కోనవసరం రాదని నమ్ముతున్నాను. ఇది కేవలం చదువు ద్వారా మాత్రమే వచ్చేది కాదు. ఎర్తింగు తీగ ఎక్కడ కలిపితే రొద తగ్గిందో చేత్తో చేసి చూడాలి. రాత్రివేళ చూసే పరికరాల వైపు ఆసక్తి ఉంటే, ప్రభుత్వ రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్ మచిలీపట్నం యూనిట్ ఆ రంగంలో పేరున్నది.

ప్రశ్న: మా పిల్లలు యుద్ధ వాహనాల గురించి ఉత్సాహంగా అడుగుతుంటారు. చంపే యంత్రాలను తయారుచేసే వృత్తిలోకి వాళ్లను ప్రోత్సహించడం సరైనదేనా అని నాకు సందేహం. మీరేమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, నకిరేకల్

జవాబు: అమ్మా, ఇది అడగవలసిన ప్రశ్న. ఈ రంగంలో చేరే ప్రతివారూ చేరకముందే దీన్ని తమను తాము అడుక్కోవాలి. ప్రాణాలు కాపాడే పని ఇందులో చాలా ఉంది. ఢిల్లీలోని డీఆర్‌డీవో సంస్థ రూపొందించిన మంటలార్పే వ్యవస్థ, సిబ్బంది ఉండే గదిలో ఇంధనం అంటుకుంటే సెకనులో అయిదో వంతు కాలంలో గుర్తించి ఆర్పేస్తుంది. మందుపాతర పేలినప్పుడు వాహనం అడుగు పలక పైకి పొంగి కాళ్లను, వెన్నును విరుస్తుంది కాబట్టి సీటును నేలకు బిగించకుండా పైకప్పుకో గోడకో వేలాడదీస్తారు. ఇలాంటి పనికి జీవితం ఇచ్చిన ఇంజినీర్లు ఎందరో సైనికులను ఇళ్లకు చేర్చారు.

అయినా పూర్తి నిజం చెప్పాలి. ఆ సీటు ఉన్న వాహనం మీదే తుపాకీ కూడా ఉంటుంది, రెండిటినీ విడదీయలేం. దేశానికి సైన్యం అవసరమని, ఆ సైన్యం చేతికి నమ్మదగిన పనిముట్లు ఇవ్వడం మర్యాదగల వృత్తి అని నేను భావిస్తాను. ఆ మాట మనసుకు ఒప్పుకోని విద్యార్థిని బలవంతం చేయవద్దు. ఇదే విద్యతో ట్రాక్టర్లు, అంబులెన్సులు, రైళ్లు చేసే చోట్లు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి వనపర్తి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించబోతున్నాడు. బి.టెక్. చదివించే స్తోమత ప్రస్తుతం లేదు. అతనికి ఈ రంగంలో అవకాశం ఉంటుందా?
– ఒక తండ్రి, అచ్చంపేట

జవాబు: తప్పకుండా ఉంటుంది. పరీక్షా విభాగాల్లో పరికరాలు అమర్చడం, కొలతలు తీయడం, వాహనాన్ని సిద్ధం చేయడం ఎక్కువగా డిప్లొమా చదివినవారి చేతుల మీదే నడుస్తాయి. లోహం ఎంత సాగిందో కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ను సరిగ్గా అతికించగల చెయ్యి లేకపోతే పై అధికారి లెక్కలన్నీ వృథా. డీఆర్‌డీవోలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్-బి ఉద్యోగాలకు సెప్టమ్ అనే విభాగం పరీక్ష నిర్వహిస్తుంది, డిప్లొమా దానికి అర్హత. మొదట అప్రెంటిస్‌గా చేరడం ఇంకా దగ్గరి దారి. ఎద్దుమైలారం ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద పనిచేస్తోంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో ప్రయోగశాలలు, క్షిపణులు తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలోనూ బీడీఎల్ యూనిట్ ఉంది. డిప్లొమా అప్రెంటిస్ ప్రకటనల కోసం అబ్బాయి పేరును కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో ఇప్పుడే నమోదు చేయించండి.

చదువు అక్కడితో ఆగిపోతుందని దిగులు పడవద్దు. ఈసెట్ రాస్తే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. అప్రెంటిస్ కాలం గడిచాక, ఇంటి పరిస్థితి చూసుకుని ఆ నిర్ణయం తీసుకోవచ్చు. ఉద్యోగంలో చేరేముందు పోలీసు విచారణ ఉంటుంది కాబట్టి పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి చిరునామా అన్ని కాగితాల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోండి. పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, ఎందుకంటే నియామక పత్రం వచ్చాక దానికి సమయం దొరకదు.